గడపలోని కళయు గడపదాటని విమర్శయు

నంద్యాల జిల్లాలో నందికొట్కూరునకు అనతిదూరమున జూపాడు బంగ్లా అను ఊరు కలదు. ఆ పేరులో బంగ్లా అను పదము చేరియుండుట విచారింపదగిన విషయము. బంగ్లా యనగా వంగదేశపుది అని యర్థము. తొలుత నది బంగాళపు పల్లెరైతు వేసికొనిన గడ్డికప్పు గల ఒంటియంతస్తు ఇంటి పేరు. కుంపినీ దొరలు ఆ యింటి తీరును చూచి మెచ్చి, తమ యవసరములకు తగినట్లు మార్చుకొని, చుట్టును వసారాలు తీర్చి, దేశమంతటను కట్టించుకొనిరి. రైతు గుడిసె దొరల విడిది యయ్యెను. దాని పేరు ఇంగ్లీషు నిఘంటువుల కెక్కి లోకమంతట వ్యాపించినది. తుదకు మన సీమలో ఒక యూరి పేరులోను నిలిచినది. ఎక్కడనో బంగాళమున పేరు తెలియని రైతు కనిపెట్టిన యింటికి ఇంతటి చరిత్ర కలిగినది. కాని ఆ యూరి చుట్టునున్న పల్లెలలో తరతరములుగా మనవారు కట్టుకొని కాపురము చేసిన ఇంటిని గూర్చి మన విమర్శకులు వ్రాసిన పుటలెన్ని? ఆ యింటిలో స్త్రీలు చేతులార చేసిన పనిని కళయని యెంచి, దాని గుణదోషములను విచారించిన వారెందఱు? ఈ ప్రశ్నకు మనము సిగ్గుపడక సమాధానము చెప్పజాలము.

మన సీమకు కళాసంపద లేకపోలేదు. పింగళి సూరన కళాపూర్ణోదయమును అంకితమందినది నంద్యాల కృష్ణమరాజు. అహోబలము, మహానంది, యాగంటి మున్నగు క్షేత్రముల శిల్పమును గూర్చి ఎన్నియో వ్యాసములు వెలువడినవి, అవి వెలువడవలసినవే. అయితే కళయన్నంతనే గుడిని, ఆస్థానమును మాత్రమే తలచుట మనకు అలవాటైపోయినది. గుడి శిల్పము నూఱేండ్లకొక మారు కట్టబడునది. వాకిట ముగ్గు దినదినమును వేయబడునది. దినదినమును జరుగు పనిలో కళయుండదని మనము తలంతుము. ఇదియే మన విమర్శలోని మొదటి దోషము. తక్కినవన్నియు దీనినుండి పుట్టినవే.

పూర్వులు వ్రాసిపెట్టిన దానిని మొదట పరిశీలింతము. పందొమ్మిదవ శతాబ్దారంభమున కర్నల్ మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో గ్రామములు పుట్టిన తీరు, గుళ్ళు, మాన్యములు, పాలెగాండ్ర వంశములు విస్తారముగా నున్నవి. 1830 లో మద్రాసునుండి కాశికి బయలుదేరిన యేనుగుల వీరాస్వామయ్య ఈ సీమ మీదుగానే శ్రీశైలము చేరి, కృష్ణను దాటిపోయెను. మజిలీ మజిలీకి నీటివసతి, అంగళ్ళు, దిగుటకు చోటు మొదలగునవి ఆయన శ్రద్ధగా వ్రాసికొనెను. 1886 లో నరహరి గోపాలకృష్ణమసెట్టి ఇంగ్లీషున రచించిన కర్నూలు జిల్లా మాన్యువలు పంటలను, శిస్తులను, కులాచారములను సర్కారు కంటితో చూచినది. ఈ మూటియందును ఇల్లు బయటినుండి కానవచ్చునే గాని లోపలినుండి కానరాదు. కైఫీయతు మాన్యమును అడిగినది. యాత్రికుడు విడిది నడిగెను. సర్కారు శిస్తు నడిగినది. వంటయింటిని అడిగినవారు లేరు.

ఈ లోపమును మొట్టమొదట గుర్తించి తీర్చబూనిన మహాకృషి సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రము. ఆయన జన్మస్థలమైన బోరవెల్లి తుంగభద్ర కావలియొడ్డున ఆలంపురము ప్రాంతములోనిది. 1949 లో వెలువడిన ఆ గ్రంథమునకు 1955 లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమాన మిచ్చినది. తెలుగున ఆ గౌరవమును మొదట పొందినదియు అదియే. రాజుల జాబితాలను ప్రక్కకునెట్టి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అని ఆయన అడిగెను. అట్లడుగుటయే ఒక విప్లవము. అయినను ఆయన ప్రధానముగా ఆశ్రయించినది కావ్యములను. కావ్యమున కనబడు ఇల్లు కవి చూచిన యిల్లు. కవి పురుషుడు, చదువుకొనినవాడు, పెక్కుమార్లు ఒకరి ఆశ్రయమున బ్రదుకువాడు. అతడు వడ్డించిన విస్తరిని చక్కగా వర్ణించును. పిండి విసరిన చేతి కాయలను వర్ణించుట అరుదు. ప్రతాపరెడ్డిగారు తీసిన దారి గొప్పది. ఆ దారిని కావ్యమునుండి గడపదాక పొడిగించుట మన వంతు. దానిని మనము చేయలేదు.

ఇక ఆ యింటిని లోపలినుండి చూతము. ఈ సీమ పల్లెలలో మొన్నమొన్నటివఱకు వాడుకలోనున్నది మట్టిమిద్దె. లావైన గోడలు, కొయ్యకంబములు, వానిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై కట్టెపుల్లలుగాని నాపరాళ్ళుగాని పఱచి, ఆపైన మన్ను మెత్తి, అన్నిటికంటె మీద చౌడు పోయుదురు. చౌడు పైరునకు పనికిరాని మన్ను. చేనికి శత్రువైన ఆ మన్నే తడిసినప్పుడు మెదిగి, సందులను పూడ్చి, వాననీటిని లోనికి దిగనీయదు. ఏటేట వానలకు ముందు మిద్దెపై కొత్తచౌడు పోయుట ఇంటివారి వంతు. పనికిరానిదానిని పనికి తెచ్చిన ఈ బుద్ధిని శాస్త్రమనవచ్చును, కళయనవచ్చును. మనము మాత్రము దానిని పేదఱికమని పిలిచి ఊరకుంటిమి. బేతంచెర్ల ప్రాంతమున దొరకు నాపరాయి నేలకు పఱపు, గోడకు బలము, అరుగునకు పలక, గోడయలమరకు అడ్డబండ. మిద్దె నడుమ విడిచిన గవాక్షి వెలుతురునకును పొగ పోవుటకును దారి. పంచలో ఒక ప్రక్క ఎద్దులగాడి. నల్లరేగడి నేలలో జొన్నపాతర.

ఈ నిర్మాణమునందు అందమున్నది. వేసవి యెండను లావుగోడ అడ్డగించుటలో నున్న అందమది. కాని విమర్శకుడు అందమును మాత్రమే చెప్పి ఊరకుండరాదు. ఒక్క గవాక్షి వెలుగున పొగలో కూర్చుండి జొన్నరొట్టెలు తట్టిన స్త్రీ కన్నులు చెడినవి, ఊపిరి చెడినది. ఎద్దుల గాడి ఇంటిలోనే యుండుటచేత దొంగల భయము తగ్గినదే గాని ఈగలు, దుర్గంధము తగ్గలేదు. ఇంటి చక్కదనమును పొగడినవాడు ఇంటి పొగనుగూడ చెప్పవలెను. ఒకటి చెప్పి ఒకటి దాచినది విమర్శ కాదు, వందిస్తుతి.

ఆ మట్టియింటిపై స్త్రీల చేతిపని వేఱొక ప్రపంచము. పేడతో అలికిన నేల, ఎఱ్ఱమన్ను పూసిన అరుగు, దానిపై సున్నపు గీతలు, వాకిట ముగ్గు. ముగ్గును గూర్చి మనవారు చేయు ప్రసంగము లెల్ల సంక్రాంతి పోటీలతో ఆరంభమై అక్కడనే ముగియును. దాని అసలు గుణము వేఱు. తెల్లవాఱుజామున వేసిన ముగ్గు మధ్యాహ్నమునకు పాదముల క్రింద చెదరిపోవును. చెదరిపోవుటకే అది వేయబడినది. చుక్కల లెక్క తప్పిన ముగ్గు కుదరదు గనుక అక్షరము రాని బాలిక దానియందే లెక్కను, సమతను, కొలతను నేర్చుకొనెను. మైలదినములలో ముగ్గు వేయరు గనుక ముగ్గులేని వాకిలి వీధి వీధికి దుఃఖవార్తను చెప్పును. ఉన్నప్పుడు అలంకారము, లేనప్పుడు వార్త. ఇట్లు రెండువిధముల మాటాడు చిత్రములు చిత్రశాలలలో ఎన్ని కలవు?

బొంత మాట చూడుడు. చిరిగిన కోకలను, పంచెలను పొరలు పొరలుగా పేర్చి, దూరదూరముగా దారము నడపి కుట్టిన ఈ కప్పుడు ప్రతి పేదయింటను ఉండెడిది. బంగాళమున ఇట్టి దానినే కాంథా అందురు. గురుసదయ్ దత్తు (1882–1941) అను ఉద్యోగి పల్లెపల్లెకు తిరిగి కాంథాలను సేకరించి, వానిని కళాఖండములని లోకమునకు చాటెను. ఆయన పేరిట కలకత్తా సమీపమున నెలకొల్పబడిన ప్రదర్శనశాలకు ప్రధాన సంపద ఆ సేకరణమే. మనకు గురుసదయ్ దత్తు లేడు. మనకున్నది గంతకు తగ్గ బొంత అను సామెత. ఒక జాతి తన తల్లులు కుట్టినదానిని కళగా కాపాడుకొనెను. మఱొక జాతి దానిని ఎగతాళిమాట చేసికొనెను. వంగదేశపు కుట్టుపనిలో బొమ్మలు, పూవులు హెచ్చుగా నున్నమాట నిజము. మన బొంత అంతకంటె సాదాది. కాని సాదాదనమునకు విలువకట్టలేని విమర్శ బీదవారి కళను గూర్చి ఎన్నడును ఏమియు చెప్పజాలదు.

పాటల విషయమున మనవారు కొంత పని చేసిరి. 1874 లో బాయిలు అను దొర ఇండియన్ ఆంటిక్వేరీ పత్రికలో తెలుగు వీరగేయములను గూర్చి వ్రాసి, సర్వాయి పాపని పాటను ప్రకటించెను. నేదునూరి గంగాధరముగారు జీవితమంతయు పాటల సేకరణకే వెచ్చించిరి. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు జానపద గేయములపై పరిశోధన చేసి డాక్టరు పట్టమును పొంది, ఈ విద్యకు విశ్వవిద్యాలయములలో పీట వేయించిరి. వీరి ఋణము తీర్చరానిది. అయినను సంపుటము లనేకములను తిరుగవేసిన పాఠకునకు ఒక కొఱత తోచకమానదు. పాట ఉన్నది, పాడిన మనిషి లేదు. ఏ యూరిలో, ఏ కులమునకు చెందిన ఎవరు, ఏ పనిచేయుచు, ఏ ఋతువున, ఏ వరుసలో పాడిరో చెప్పిన సంపుటములు తక్కువ. మాటలను మాత్రము వ్రాసికొని, వానినిగూడ కొందఱు తమ యభిరుచి ననుసరించి దిద్దిరి.

ఇందువలన కలిగిన నష్టమేమన, విసుర్రాతిపాటను చూచిన తెలియును. ఇద్దఱు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుండి ఒక్క పిడిని పట్టి రాతిని త్రిప్పుదురు. రాయి తిరుగుటకు పట్టు కాలమే పాటకు తాళము. గింజలు పోయుటకై చేయి విడిచినచోట చరణము విరుగును. ఊపిరి ఎక్కడ చాలదో అక్కడ ఊతపదము వచ్చును. పండితుడు దానిని పుస్తకమున చూచి, ఇచ్చట గణము తప్పినది, అచ్చట పునరుక్తి కలదు అనును. తప్పినది గణము కాదు. పుస్తకములో లేనిది రాయి. ఆ రాతికి గంట్లు పెట్టి పదును చేయుటకు ఊరూర తిరిగిన మనిషి, ఆ రాతిని కొండనుండి తొలిచిన మనిషి, వీరందఱును ఆ ఛందస్సులో భాగస్వాములు. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన దేవతామూర్తులకు భౌగోళిక గుర్తింపు లభించినందుకు మనము సంతోషింపవలసినదే. రోలును విసుర్రాతిని చెక్కిన చేతికిని ఆ సంతోషములో పాలున్నదని మఱవరాదు.

ఈ విషయమున హంగరీ దేశపు దృష్టాంతము మనకు ఉపకరించును. 1905, 1906 సంవత్సరములలో బేలా బార్తోక్, జోల్తాన్ కొదాయ్ అను ఇద్దఱు యువ సంగీతవేత్తలు మైనపు గొట్టముల మీద ధ్వనిని ముద్రించు ఫోనోగ్రాఫు యంత్రమును మోసికొని పల్లెలకు పోయిరి. అంతకుముందు బుదాపెస్టు నగరవాసులు హంగరీ సంగీతమని మురిసినది హోటళ్ళలో జిప్సీ వాద్యగాండ్రు వాయించు నాగరిక గీతములను. రైతులు పాడునది వేఱని, దాని స్వరక్రమమే వేఱని ఆ యిరువురును నిరూపించిరి. వారు రైతుస్త్రీ నోట విన్నదానిని విన్నట్లు, ఊపిరితో గూడ, స్వరపఱచి వ్రాసిరి. పాడినవారి పేరు, వయస్సు, ఊరు గుర్తుపెట్టుకొనిరి. బార్తోక్ అంతటితో నిలువక స్లొవాకు, రుమేనియా జనుల పాటలనుగూడ అంతే శ్రద్ధతో కూర్చెను. అందుకై స్వదేశాభిమానులమను వారిచేత నిందలు పడెను. జానపద విద్య జాతిగర్వమునకు సాధనము కారాదని, ఇరుగుపొరుగువారిని ఎఱుగుటకు సాధనము కావలెనని ఆయన నమ్మకము. మన సంపుటములలో లంబాడీల పాటకు, చెంచుల పాటకు, పీర్లపండుగ పాటకు ఎంత చోటిచ్చితిమో చూచుకొనిన, ఆ నమ్మకము మనకు ఎంత యవసరమో తెలియును. నల్లమల అంచున బ్రదుకు ఈ ప్రజలు మన పొరుగువారే గాని మన పుస్తకములకు పొరుగువారు కాలేదు. చెంచుల జీవనమును గూర్చి 1943 లో సమగ్రగ్రంథము వ్రాయుటకు ఆస్ట్రియా దేశమునుండి హైమెన్‌డార్ఫు రావలసివచ్చెను.

పాటలలో తరతమ భేదములున్నవనియు మఱవరాదు. స్త్రీల పాటలన్నియు ఒక్కటే యనుకొనుట పొరపాటు. వెల్చేరు నారాయణరావుగారు 1991 లో ప్రకటించిన ఇంగ్లీషు వ్యాసమున, తెలుగు బ్రాహ్మణస్త్రీలు పాడుకొను రామాయణపు పాటలను, కూలిచేసికొను స్త్రీల పాటలను వేర్వేఱుగా పరిశీలించి, రెండింటి చూపును వేఱని చూపిరి. మొదటివారి పాటలలో ఇంటిలోపలి కలహము, అత్తింటి బాధ, పెద్దల మాటకు లోలోపలి ఎదురుమాట. రెండవవారి పాటలలో బ్రదుకుతెరువే వేఱు గనుక ధోరణియు వేఱు. ఇది నిజమైన విమర్శ. పాటను పూజింపక, పాట వెనుకనున్న మనిషిని అడిగినది.

ఇప్పుడు రెండవ దోషమునకు వత్తము. అది విలాపము. పిండిమరలు వచ్చినవి, విసుర్రాతిపాట పోయినదని కంటతడి పెట్టు వ్యాసములు మాసమున కొకటియైనను కనబడును. ఆ వ్యాసకర్తలను ఒక ప్రశ్న యడుగవలెను: మీ ఇంటిలో తెల్లవాఱుజామున లేచి శేరు జొన్నలు విసరువారెవరు? తొలికోడి కూయకమునుపే లేచి, పగలంతయు చేనిలో కలుపు తీసి, రాత్రి మరల దంచుకొని, ఏడవలేక పాడిన పాట అది. పాట అందమైనదగుటచేత ఆ నిద్రలేమి అందమైనది కాజాలదు. మర వచ్చినందుకు ఆ స్త్రీ సంతోషించెను. ఆమె సంతోషము మనకును సంతోషము కావలెను. పాటను కాపాడుట వేఱు, పాటను పుట్టించిన చాకిరిని కాపాడుట వేఱు. ఈ రెంటిని కలిపివేయువాడు తాను కళాభిమాని ననుకొనును. వాస్తవమున నతడు ఇతరుల కష్టమునకు ప్రేక్షకుడు.

హంగరీలో ఈ సత్యము విస్పష్టముగా కనబడినది. మెజోకొవెష్ద్ అను ఊరిలోను, దాని పరిసరములలోను నివసించు మాత్యోజనుల కుట్టుపని లోకప్రసిద్ధము. 2012 లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతుల సంస్థ దానిని మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. నల్లని గుడ్డపై ఎఱ్ఱని, పచ్చని పూవులను రాశిపోసినట్లు కుట్టిన ఆ జనులు పొలములేని కూలివారు. వేసవిలో దూరపు జమీనులకు గుంపులుగా కూలికి పోయి, చలికాలమున దీపపు వెలుగున వర్తకులకై కుట్టెడివారు. కడుపు మాడ్చుకొనియైనను మెఱపు తగిలించిన దుస్తులను కొనుట ఆచారమై, అప్పులపాలైరి. 1925 లో ఆ యూరివారే ఆ మెఱపుపట్టీలను బహిరంగముగా తగులబెట్టిరి. అలంకారము మనిషిని తినివేయుచున్నప్పుడు అలంకారమును విడుచుట కళాద్రోహము కాదని వారు గ్రహించిరి. మెఱపు పోయినను పూవు నిలిచినది. కుట్టుపని నేటికిని సాగుచున్నది.

మూడవ దోషము అన్నిటికంటె బరువైనది. పల్లెకళయని మనము ఏకవచనమున పలుకుదుము. పల్లె ఏకవచనము కాదు. కడవ కుమ్మరిది, చేట మేదరిది, నాగలి వడ్లవానిది, కఱ్ఱు కమ్మరిది. బావినుండి చేనికి నీరుతోడిన కపిలబాన మాదిగ చేతిపని. తోలును పదనుచేసి, కోసి, కుట్టి, చుక్క కారకుండ బిగించుట సామాన్యమైన నేర్పు కాదు. ఆ బాన తోడిన నీటితో ఊరి పంట పండినది. ఆ బాన కుట్టిన చేయి మాత్రము ఊరి బావిని ముట్టరాదనిరి. ఆ చేతితో కుట్టిన చెప్పులు రెడ్డిగారి పాదములకు చేరినవి. ఆ కుట్టినవాడు రెడ్డిగారి వీధిలో తన చెప్పులను చేతబట్టి నడువవలసివచ్చెను. మన పల్లెకళాగ్రంథములలో మట్టికడవకు పుట యున్నది, తోలుబానకు పుట యేది? గుఱ్ఱము జాషువ తన గబ్బిలము (1941) నందు దూతగా హంసను గాక గబ్బిలమును ఎన్నుకొనుటకు కారణమిదియే: కావ్యనాయకునకు ప్రవేశములేని గుడిలోనికి ఆ జంతువు పోగలదు. మన విమర్శ ఆ గబ్బిలమునకున్న స్వేచ్ఛనైనను సంపాదింపలేదు. అది అరుగుదాక పోయినది, వాడవఱకు పోలేదు. గడపను దాటి లోనికిని, ఊరిని దాటి వెలివాడకును పోవనిదే పల్లెకళ యను మాట పలుకుటకు మనకు అధికారము లేదు.

ఈ ఉపేక్షకు ఫలమేమో ఈ సీమ కన్నులార చూచినది. 1963 లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ఆనకట్ట పూర్తికాగా, 1981 ప్రాంతమున కృష్ణా తుంగభద్రల యొడ్డున నూటికి పైగా గ్రామములు నీటిపాలయ్యెను. సుమారు లక్షమంది ఇండ్లు వాకిండ్లు విడిచిపోయిరి. నందికొట్కూరు, ఆత్మకూరు ప్రాంతముల పల్లెలును వానిలో నున్నవి. ఆ సందర్భమున పురావస్తుశాఖలవారు మెచ్చదగిన పని యొకటి చేసిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయికి గుర్తువేసి విప్పి, ఆలంపురమున మరల నిలిపిరి. రూపాల సంగమేశ్వరాలయమును అట్లే తరలించి కర్నూలు వద్ద జగన్నాథగట్టుపై కట్టిరి. మునిగిన సంగమేశ్వరము వేసవిలో నీరు తగ్గినప్పుడు తేలును. భక్తులు పోయి సేవింతురు.

గుళ్ళను తరలించుట తప్పని యనువారు లేరు. కాని ఆ నూఱు గ్రామములలో ఒక్క మట్టిమిద్దెనైనను కొలిచి, దాని గది గదికి పటము గీచి, ఆ యింటి ముసలమ్మను కూర్చుండబెట్టి, అమ్మా నీవు ఈ యింట ఏమేమి చేసితివి, ఏమేమి పాడితివి అని అడిగిన పుస్తకము గుడిప్రక్కన ఎందుకు నిలువలేదు? గుడిరాళ్ళకు సంఖ్యలు వేసిన దేశము మిద్దెదూలములకు సంఖ్యలు వేయవలెనని తలంపలేదు. పరిహారపు లెక్కలలో ఇల్లనగా ఇన్ని చదరపు గజములు. చెట్టనగా ఇన్ని రూపాయలు. అరుగునకు, పాతరకు, గాడికి, ఇరుగుపొరుగు కలిసి విసరుకొనిన చోటునకు వెల లేదు. వెల కట్టలేనివి గనుక విడిచితిమందురేమో. పేరుపెట్టనైనను లేదు గనుకనే విడువగలిగితిమి. విమర్శకులు ముందుగా ఆ వస్తువులకు గౌరవమును తెచ్చియుండినచో, అధికారులు వానిని అంత సులువుగా మఱచియుండెడివారు కారు. కావున ఈ నేరములో కలము పట్టినవారికిని పాలున్నది.

ప్రదర్శనశాలలును ఈ లోపమును తీర్చలేదు. హైదరాబాదులోని శిల్పారామమున పల్లెబ్రదుకును చూపుటకై నిలువెత్తు బొమ్మలను నిలిపి గుడిసెలను కట్టిరి. పట్టణపు బాలురకు అది వినోదమును, కొంత జ్ఞానమును ఇచ్చుచున్నది. అయితే ఆ బొమ్మ కుమ్మరికి అప్పులేదు, ఆ బొమ్మ స్త్రీకి పొగలేదు. హంగరీలో 1896 నాటి మహాప్రదర్శనమున బుదాపెస్టు నగరమధ్యమున ఇట్టి పల్లెనే కట్టి చూపిరి. తర్వాతి తరములవారు దానితో తృప్తిపడక, 1967 లో సెంతెన్ద్రె వద్ద నెలకొల్పిన ప్రదర్శనశాలలో పల్లెలనుండి నిజమైన పాత యిండ్లనే విప్పితెచ్చి నిలిపిరి. గుడికి మనము చేసిన మర్యాదను వారు ఇంటికి చేసిరి. మనకును చేతకానిది కాదు. చేయదలపక పోవుటయే కొఱత.

కర్తవ్యమేమి? కొందఱు, పాత మిద్దెలనే కట్టుకొని ఉండుడని పల్లెవారికి ఉపదేశింతురు. అది పట్టణమున సిమెంటు మేడలో కూర్చుండి చేయు ఉపదేశము. పల్లెవారు గట్టియింటిని, గ్యాసు పొయ్యిని, కుళాయినీటిని కోరుట న్యాయము. అవి వారికి ఇంకను ముందే దక్కవలసినవి. అయితే సర్కారువారు కట్టించు కాలనీల యిండ్లలో ఒక విషయము విచారింపదగును. అన్ని యిండ్లకును ఒకే కొలత, ఒకే పటము. అరుగు లేదు, పశువునకు చోటు లేదు, ధాన్యమునకు చోటు లేదు, వేసవియెండకు సన్నని గోడ అడ్డము రాదు. పాతయింటిలోని పొగను విడిచి చల్లదనమును నిలుపుకొనుట, చీకటిని విడిచి అరుగును నిలుపుకొనుట అసాధ్యమా? ఇల్లు కట్టు ఇంజనీరు ఆ యింటి స్త్రీని ఒక్కమారు అడిగినచో చాలును. ఆమె వద్ద లేని విద్య ఆయనకున్నది; ఆయన వద్ద లేని విద్య ఆమెకున్నది.

రెండవది, సేకరణము. బార్తోక్ మోసిన యంత్రము బరువైనది. నేడు పల్లెలో ప్రతి యువకుని జేబులోను అంతకు మించిన యంత్రమున్నది. ఉన్నతపాఠశాలల విద్యార్థులు తమ అవ్వలను, తాతలను అడిగి, ఒక్కొక్క యింటి చరిత్రను వ్రాయవలెను. పాటను స్వరముతోగూడ పట్టవలెను. పాడినవారి సమ్మతితో వారి పేరును పాటప్రక్కన వ్రాయవలెను. అజ్ఞాతకర్తృకము అను మాట పెక్కుచోట్ల అడుగనివారి సోమరితనమునకు పెట్టిన మర్యాదపేరు. పనిముట్టును వర్ణించునప్పుడు దానిని చేసినవాని కూలియెంత, వాడినవారి గంటలెన్ని అనియు వ్రాయవలెను. అన్ని వాడలను సమముగా అడుగవలెను. శ్రీశైలపు ముంపునకు ముందు పుట్టి పెరిగినవారు ఈనాడు వృద్ధులు. మునిగిన పల్లెల పటము నేడు వారి మనస్సులలో మాత్రమే యున్నది. ఆ పటము ముంపులో పోయిన యిండ్లవలె పోకమునుపే వ్రాసికొనవలెను; దీనికి గడువు మిక్కిలి తక్కువ.

మూడవది, విమర్శకుల పని. ముగ్గును, బొంతను, అలికిన అరుగును చూచి ఆహా యనుట విమర్శ కాదు. చీ యనుటయు కాదు. ఇది దేనికై చేయబడినది, ఆ పనికి ఎంత సరిపోయినది, చేసిన చేతికి ఏమి మిగిలినది, ఎవరిని లోనికి రానిచ్చినది, ఎవరిని వెలుపల నిలిపినది అని అడుగుట విమర్శ. కావ్యమునకు గుణదోషములను విచారించి మెచ్చుకొను జాతి తన యింటికిని ఆ గౌరవమును ఇచ్చుట ధర్మము. దోషమును చెప్పుటయు గౌరవమే. అల్పమనుకొనిన దానియందు మనము దోషములను వెదకము గదా! ఇంటిపనిని కళగా మెచ్చినంతమాత్రమున స్త్రీకి విముక్తి కలుగదు. కాని ఆమె చేసినది పని యనియు, అందు బుద్ధి యున్నదనియు, ఆ బుద్ధికి పేరు, విలువ, కూలి ఉండవలెననియు ఒప్పుకొననిదే విముక్తి మాట మొదలుకాదు. అంతవఱకు మన కళావిమర్శ వాకిటనే నిలిచి, లోపలివారు పెట్టినది తిని, వారి పేరడుగక పోవు అతిథివంటిదై యుండును.